గడపకో గ్లాసు నీళ్ళు

కార్తీక శుద్ధ పాడ్యమి

ఈ పుస్తకం గడపల సంఘం వాళ్ళు ఇచ్చారు. చేత్తోనే రాయాలట. యంత్రం రాసింది వాళ్ళు చూడరు. ఏ గడపకి వెళ్ళాను, నీళ్ళు తాగానా, చేతులు కలిశాయా, ఈ మూడూ రాస్తే చాలన్నారు. పదో తరగతి తర్వాత నేను చేత్తో రాసింది రామకోటి ఒక్కటే. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నా పేరు రత్నమాణిక్యం. సముద్రం మీద తేలే తెప్పలూరులో నాలుగో తెప్ప మీద ఉంటాను. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే నీటిపెట్టెల్లో వేసే వడపోత గుడ్డలు ఇళ్ళ నుంచి తెచ్చి, ఉతికి, చిరుగులు కుట్టి, ఎండబెట్టి ఇస్తాను. మా ఆడపడుచు సత్యవేణి నాతోనే ఉంటుంది. కుట్టుపని తనది, ఉతుకుడు నాది.

ఇప్పుడు మా చేత గుడ్డలు ఉతికించుకునే గడపలు ముప్పై ఒకటి ఉన్నాయి. పౌర్ణమికి నలభై కాకపోతే ఎండ అరుగు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని సంఘం కాగితం అంటించింది. ఎండ అరుగంటే మా తెప్పకి తూర్పు చివర, ఏ మేడ నీడా పడని కాస్త చోటు. గుడ్డ ఉప్పు వదలాలంటే ఉతికితే చాలదు, రెండు రోజులు నిండా ఎండ తగలాలి. నీడన ఆరితే బూజు పడుతుంది. అరుగు పోతే మా పని పోయినట్టే. నాకు యాభై, సత్యవేణికి నలభై ఏడు. వేరే పని రాదు.

ఇవాళ రెండు గడపలు. రెండు చోట్లా నీళ్ళు తాగాను. చేతులు కలవలేదు.

విదియ

తెల్లవారుజామున స్నానానికి దిగితే సముద్రం మంచుగడ్డలా ఉంది. తులసికి దీపం పెట్టి, మొదటి గ్లాసు నీళ్ళు పోసి బయల్దేరాను.

ఇవాళ ఐదో తెప్పకి వెళ్ళాం. వంతెన ఊగుతుంటే సత్యవేణి నా భుజం పట్టుకుని నడిచింది.

"ఒక్క ఫోను కొడితే పోయేదానికి ఈ తిరుగుడేంటొదినా?" అంది.

"ఫోనులో నేనని ఎవరు నమ్ముతారే?"

తనకీ తెలుసు. గొంతులు దొంగతనం చేసిన ఏడాది, ఎవరో నా గొంతుతో పన్నెండిళ్ళకి ఫోను చేసి, మంచి గుడ్డలన్నీ తెప్పించుకుని పోయారు. నా ముఖం కూడా కనపడిందట. "మీరంత గట్టిగా మాట్లాడరు కదండీ, అప్పుడే అనుమానం రావాల్సింది మాకు" అని తర్వాత అందరూ అన్నారు. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరికి ఏ పని కావాలన్నా మనిషే గడప దగ్గరికి రావాలి. ఇంటివాళ్ళు ఒక గ్లాసు నీళ్ళు ఇస్తారు. నిలబడి, వాళ్ళు చూస్తుండగా మొత్తం తాగాలి. యంత్రాలు చేసిన మనిషి బొమ్మలు మాట్లాడతాయి, నవ్వుతాయి, నమస్కారం పెడతాయి గానీ నీళ్ళు తాగలేవు. తాగాక గడప మీది పలక మీద ఇద్దరూ కలిపి చెయ్యి పెడితే ఒప్పందం. గ్లాసులో నీళ్ళు మిగిలిస్తే మాత్రం ఆ ఇంటిని నమ్మలేదని అర్థం. అలా మిగిల్చిన మనిషిని ఆ వీధిలో ఇంకెవరూ పిలవరు.

ఒక గుక్క తాగితే చాలు, ఆ ఇంటి గుడ్డ ఎలా ఉందో నాకు తెలిసిపోతుంది. నా పనికి అదొక్కటే సాయం. కానీ ఇచ్చిన నీళ్ళకి వంక పెట్టకూడదు కదా. అందుకని, "గుడ్డ వేసి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగి ఊరుకుంటాను.

మూడు గడపలు. తాగాను. కలవలేదు. ఒకచోట ఉప్పు మరీ ఎక్కువ.

చవితి

నాగుల చవితి. తెప్ప మీద పుట్ట ఎక్కడుంటుంది? సత్యవేణి పిండితో చిన్న పుట్ట చేసింది, చిమ్మిలి నైవేద్యం పెట్టాం.

తర్వాత బుల్లెమ్మగారింటికి వెళ్ళాను. ఐదో తెప్ప మీద మూడో అంతస్తు. మెట్ల దగ్గరే సత్యవేణి కూలబడింది.

"రండి రండి మాణిక్యంగారూ! మీ లౌడుస్పీకరుని కిందే వదిలేసేరేంటి?" అంది బుల్లెమ్మగారు.

"రొప్పుతోందండి."

"వినపడతాందే బుల్లెమ్మా!" అని కింద నుంచి సత్యవేణి అరిచింది.

బుల్లెమ్మగారు నవ్వుతూ నీళ్ళు తెచ్చింది. ఉప్పు. పెదవులు చురుక్కుమన్నాయి. మొత్తం తాగేసి, గ్లాసు బోర్లించి ఇచ్చాను.

"గుడ్డ వేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఎన్నాళ్ళైతేనేం లెండి, పెట్టెకి లైటు పచ్చగానే ఎలుగుతోంది కదా" అంది. "కానీ మా ఆయన నెల రోజుల్నుంచీ పప్పులో ఉప్పు తగ్గించమని గోల పెడతన్నాడు. నేనసలు వెయ్యటమే మానేసేను" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. పలక మీద చెయ్యి పెట్టింది. పక్కింటావిణ్ణి కూడా ఆవిడే పిలుచుకొచ్చింది. అక్కడా తాగాను, అక్కడా చేతులు కలిశాయి.

రెండు. ఇంకా ఏడు కావాలి.

షష్ఠి

సంఘం హాల్లో పరిచయాల పూట. ఊళ్ళో చిన్న పనులు చేసుకునేవాళ్ళందరూ వస్తారు. ఒక్కొక్కరూ లేచి, ఇసుక గడియారం తిరగేసి, ఇసుక రాలేలోగా తమ పని గురించి చెప్పాలి. తాళ్ళు అల్లే ఆయన పాట కట్టి పాడాడు. దువ్వెనలు చేసే అమ్మాయి నలుగురిని నవ్వించింది.

నేను లేచి అందరికీ నమస్కారం పెట్టాను. ముందు వరసలో తాళ్ళాయన భార్యకి ఆపరేషనయిందని విన్నాను, ఎలా ఉందని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆపడం బాగుండదని విన్నాను. ఇసుక అయిపోయింది. గుడ్డల మాటే రాలేదు.

"వినపడలేదమ్మా!" అని వెనక వరస నుంచి అరిచారు.

"చెప్తే కదా వినపడ్డానికి" అంది సత్యవేణి.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాళ్ళు నొప్పిగా ఉంటే కూర్చున్నాను.

అయ్యాక సంఘం పెద్ద భానోజీగారు నా దగ్గరికి వచ్చారు. పెద్ద మేడలన్నిటికీ వడపోత అట్టలు వేసేది ఆయనే. బంకతో పొరలు అతికించిన ఆ అట్టని ఉతకక్కర్లేదు, కుట్టక్కర్లేదు, ఏడాదికొకటి మారిస్తే సరి. మా గడపలు సగం పోయింది వాటివల్లే. కానీ ఆయన మనిషి మంచివారు. ఎదురుపడితే ముందు ఆయనే నమస్కారం పెడతారు.

"బళ్ళో పై అంతస్తున నా అట్టలేసిన పెట్టెలు ఏడున్నాయండి. మీ గుడ్డలకి ఇప్పించేస్తాను. ఏడు పెట్టెలు ఏడు గడపల కింద లెక్క. మీ అరుగు మీకు నిలబడద్ది" అన్నారు. "దశమి నాడు సంఘం సమావేశం బళ్ళోనే పెడతన్నాం. అందరి ముందూ నీళ్ళు తాగి చెయ్యి కలపండి, అయిపోద్ది."

 చేతులెత్తి దణ్ణం పెట్టాను.

దారిలో సత్యవేణి, "ఆయనెందుకిస్తాడొదినా మనకి?" అంది.

"మంచివాడు కనక."

"మంచోళ్ళతోనే బయ్యం నాకు. మాట పడలేం, మాట అనలేం."

అష్టమి

గడపలకి వెళ్ళలేదు. మా ఆయన తిథి.

సత్యవేణి వాళ్ళ అన్నయ్యకి ఇష్టమైన కంద బచ్చలి వండింది. 

అప్పట్లో మూడో తెప్ప మీద ఉండేవాళ్ళం. కొత్త నీటిపెట్టె పెట్టించుకున్నాం. ఉప్పు లేదు సరికదా, నీళ్ళు కాస్త తియ్యగా ఉండేవి. స్వామి దయ చూపించాడనుకున్నాను. బిందెలతో పక్కిళ్ళకి కూడా పోశాను. పెట్టె అతుకులకి రాసిన బంక నీళ్ళలో కరుగుతోందని ఎవరికీ తెలియలేదు. పెట్టె లైటు నీళ్ళు పారుతున్నాయా లేదా అనే చూస్తుంది, నీళ్ళలో ఏముందో దానికి తెలియదు. ముందు ఆయన కళ్ళ కింద వాచింది, తర్వాత పాదాలు. ఎనిమిది నెలల్లో పోయారు. పక్కింటి పెద్దాయన కూడా పోయారు. ఆయనకి నీళ్ళు పోసింది నేనే.

ఈ సంగతి పుస్తకంలో రాయమని సంఘం అడగలేదు. చెయ్యి ఆగక రాశాను.

నవమి

పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆరో తెప్ప డాక్టరమ్మ చూసి, "రోజూ ఇంటింటా ఉప్పునీళ్ళు తాగితే ఇంకేమవుతుందండి? ఆ తాగుడు మానెయ్యండి" అంది. దశమి అయ్యాక మానేస్తానని చెప్పాను. బడి దొరికితే ఇక తిరగక్కర్లేదు.

సత్యవేణి ఏడు పెట్టెలకీ కొత్త గుడ్డలు కత్తిరించి పెట్టింది. అంచులకి పసుపు దారంతో కుట్టింది. ఎందుకే అంటే, "పిల్లల బడి కదా, కూసింత కళగా ఉండద్దా?" అంది.

దశమి

జరిగింది జరిగినట్టే రాస్తాను.

బడి వసారాలో కుర్చీలు వేశారు. సంఘం వాళ్ళు యాభై మంది దాకా వచ్చారు. పిల్లలు పై అంతస్తు కటకటాల్లోంచి తొంగి చూస్తున్నారు. పెద్ద పంతులమ్మ హైమావతిగారు పళ్ళెంలో గ్లాసు పెట్టుకుని తనే తెచ్చారు. కొత్త స్టీలు గ్లాసు, పైన తులసి దళం వేశారు. నా కోసమని కనుక్కుని వేశారట.

భానోజీగారు లేచి మా గురించి చెప్పారు. మా అత్తగారి రోజుల నుంచీ ఈ పనిలోనే ఉన్నామనీ, ఊరు మాకు రుణపడి ఉందనీ అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

గ్లాసు తీసుకుని స్వామిని తలచుకుని ఒక గుక్క తాగాను.

ఉప్పు లేదు.

తీపి. చాలా కొంచెం. నాలుక చివర తగిలి, వెంటనే పోయి, గొంతులో మళ్ళీ వచ్చింది. పన్నెండేళ్ళయినా మర్చిపోలేదు. రెండో గుక్క కోసం గ్లాసు ఎత్తాను, పెదవుల దాకా వెళ్ళింది. ఇంకో నాలుగు గుక్కలు, ఒక చెయ్యి, అయిపోతుంది. పైన ఎవరో పిల్ల కిలకిలా నవ్వింది.

గ్లాసు పళ్ళెంలో పెట్టేశాను. నిండుగానే ఉంది.

 హైమావతిగారి ముఖం ఎర్రబడింది. పాపం, ఆవిడకి యాభై మంది ముందు అంత అవమానం నా వల్ల జరిగింది. ఇంకేదైనా దారి ఉండేదేమో. పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది. అప్పుడు తోచలేదు.

భానోజీగారే ముందు తేరుకున్నారు. నవ్వుతూ చేతులు ఊపారు. "అరెరె, మర్చేపోయేను! ఇవాళ ఏకాదశి కదండీ. మాణిక్యంగారు ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మర్యాదకి పెదాలు తడిపేరు, అంతే. చెయ్యి కలిపేయండమ్మా, పరవాలేదు."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఒకరిద్దరు నాకు దణ్ణం కూడా పెట్టారు. పలక నా ముందుకి జరిపారు.

ఆయన ఆ మాట కావాలని అన్నారో, నిజంగానే పొరబడ్డారో తెలియదు. నన్ను కాపాడడానికే అన్నారనుకుంటాను. అవునని తల ఊపితే చాలు. బడి, అరుగు, సత్యవేణి కుట్టిన పసుపు అంచులు, అన్నీ నిలబడతాయి.

"ఇవాళ దశమేనండి" అన్నాను.

"వినపడలేదమ్మా!" అన్నారు వెనక నుంచి.

"ఏకాదశి రేపండి. ఇవాళ నాకు ఉపవాసం లేదు. నీళ్ళు తియ్యగా ఉన్నాయండి. పిల్లలకి ఇవ్వకండి."

"వినపడలేదు, గట్టిగా!"

సత్యవేణి లేచింది.  తీపి అన్న మాట తనకి ఒక్కసారి చెబితే చాలు. "నీళ్ళు తీపెక్కేయంటోందండీ మా ఒదిన! అట్టల బంక కరుగుతాందంట! పిల్లలకి పొయ్యొద్దంటోంది! మా అన్నయ్య పోయింది ఈ తీపికేనండీ!"

ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. పెట్టె దగ్గరికి వెళ్ళి లైటు చూశారు. పచ్చగా ఉంది. భానోజీగారు నా గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా మొత్తం తాగేశారు.

"నాకే తీపీ తగల్లేదండి" అన్నారు. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

గడప: బడి. నీళ్ళు: తాగలేదు. చేతులు: కలవలేదు.

ఏకాదశి

ఉపవాసం. పొద్దున్నే సంఘం మనిషి వచ్చి తలుపుకి కాగితం అంటించి వెళ్ళాడు. ఇచ్చిన నీళ్ళని అవమానించినందుకు ఏ గడపకీ వెళ్ళకూడదట.

పౌర్ణమి

అరుగు ఖాళీ చేశాం. రొయ్యలు ఎండబెట్టే ఆయనకి ఇచ్చారు. "మీ తాళ్ళు ఉంచేసుకోనాండి?" అని మొహమాటంగా అడిగాడు. ఉంచుకోమన్నాను.

ఉన్న గడపల్లో పదకొండు మంది గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. మిగిలినవి గదిలో తీగకి ఆరేశాం. గది నిండా తడి వాసన.

"నలభై ఏడేళ్ళకి ఒక్కసారైనా ఈ గొంతు పనికొచ్చింది" అంది సత్యవేణి, "పనంతా పోగొట్టడానికి."

"కోపమా?"

"నాకెందుక్కోపం? ఆ పసుపు దారం దండగైపోయిందనే బాధ."

సాయంత్రం దీపాలు వదిలాం. స్వామిని ఏమీ అడగలేదు. అడగడానికి కూడా ఓపిక లేదు.

బహుళ తదియ

పొద్దున్న తలుపు కొట్టారు. తీస్తే హైమావతిగారు. చీర కొంగు కింద ఒక సీసా.

ఆవిడ కాళ్ళ మీద పడదామనిపించింది. క్షమించమన్నాను. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు.

"మీరు మా ఇంటికెప్పుడూ రాలేదు కదండీ" అన్నారు. "అందుకని నీళ్ళు నేనే తెచ్చేను."

సీసా నా చేతిలో పెట్టారు. గుక్కెడు తాగాను. తీపే. తల ఊపాను. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆ రోజు నుంచీ పిల్లలకి గ్లాసు అందించాలంటే నా చెయ్యి రావట్లేదండి. నిన్న బళ్ళో ఒక అట్ట తీసి రాత్రంతా బకెట్లో నానబెట్టేను. పొద్దున్న వేళ్ళతో నలిపితే జిగురుజిగురుగా వచ్చింది. లైటు మాత్రం పచ్చగానే ఉంది."

"వాసన చూశారా?"

"చూసేను. బెల్లం పాకంలా ఉందండి."

సత్యవేణి లోపలికి వెళ్ళి, పసుపు అంచుల గుడ్డలు ఏడూ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"అరుగు లేదండి మాకు. ఉతికి ఇవ్వగలం గానీ ఆరబెట్టలేం" అన్నాను.

"బడికి కిటికీలు లేవేంటండీ?" అన్నారు ఆవిడ.

బహుళ సప్తమి

ఇవాళ పధ్నాలుగు మంది వచ్చారు. నేను ఎవరి గడపకీ వెళ్ళకూడదు. వాళ్ళు నా గడపకి రాకూడదని కాగితంలో లేదు. చెంబులు, సీసాలు, మూత పెట్టిన గ్లాసులు. నీళ్ళ మీద అనుమానమని ఒక్కరూ అనరు. "ఇటుగా వెళ్తూ ఆగేనండి" అంటారు. "మా నీళ్ళు ఎంత బాగుంటాయో మీరు ఒకసారి చూడాలి" అంటారు. ఒక్కొక్కరిదీ గుక్కెడే తాగి చెబుతున్నాను. ఐదుగురివి తీపి.

"మా ఇంటి కిటికీకి పొద్దుటెండ తిన్నగా పడద్ది. గుడ్డ ఉతికిచ్చేయండి చాలు, నేనే ఆరేసుకుంటాను" అంది బుల్లెమ్మగారు. మిగిలినవాళ్ళు అదే పట్టుకున్నారు.

పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. డాక్టరమ్మకిచ్చిన మాట తప్పాను. వంటింటి కిటికీలోంచి చూస్తే ఐదో తెప్ప కటకటాల మీద అక్కడక్కడా తెల్ల గుడ్డలు ఆడుతున్నాయి. బడి మీద ఏడింటికి పసుపు అంచులున్నాయి.

బహుళ ఏకాదశి

ఉపవాసం. స్నానం, దీపం అయ్యాక జపానికి కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది.

భానోజీగారు. చేతిలో స్టీలు గ్లాసు, పైన పళ్ళెం మూత. రెండు వంతెనలు దాటి ఒలక్కుండా తెచ్చారు. నాకన్నా ముందు నమస్కారం పెట్టడానికి ఆయనకి చేతులు ఖాళీ లేవు.

"ఇవాళ ఏకాదశేనండి" అన్నారు ఆయనే. "ఈసారి క్యాలెండరు చూసుకునే వచ్చేను. మీరు ముట్టరని తెలుసు. రేపు రమ్మంటే రేపొస్తాను."

"కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. గ్లాసు వైపే చూస్తున్నారు. "మా మనవరాలికి మొన్నట్నుంచీ పొద్దున్న లేచేటప్పటికి కళ్ళ కింద ఉబ్బి ఉంటన్నాయండి. నిద్ర చాల్లేదేమో అంటంది మా కోడలు. లైటు పచ్చగానే ఉందండి. నేనూ తాగేను. నాకేం తెలీట్లేదు. నా నాలిక్కి తెలీట్లేదండి."

లోపల కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది.

"రేపొస్తానండి" అన్నారు మళ్ళీ, తిరగబోతూ.

"రేపటిదాకా పాప తాగేది ఈ నీళ్ళే కదండీ" అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా నేను ఏకాదశి నాడు చుక్క నీరు ముట్టలేదు. జ్వరంలోనూ ముట్టలేదు. ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. మూత తీసి, తులసి కోట వైపు ఒకసారి చూసి, గుక్కెడు తాగాను.

ఆయన నా ముఖం చూస్తూ నిలబడ్డారు. తీపేనని చెప్పాను. ఎప్పట్లాగే మెల్లిగా చెప్పాను. ఆయనకి వినపడింది.

గడప: మాదే. నీళ్ళు: తాగాను.